కళ్ళకద్దుకునే చెయ్యి

కాలు తగిలితే భవిత వంగేది. ఎవరికి తగిలినా కుడిచేత్తో వాళ్ళను ముట్టుకుని ఆ చేతిని కళ్ళకద్దుకునేది. తెనాలిలో పెరిగిన మనిషికి ఇది ఒకరు నేర్పిన పని కాదు. పుస్తకానికి తగిలినా అంతే, మనిషికి తగిలినా అంతే. కెనడాలోని హామిల్టన్‌లో ఆమె పనిచేసే ఆసుపత్రి ల్యాబ్‌లో పక్క కుర్చీలో వాళ్ళ బూటుకు తన బూటు తగిలినా చెయ్యి కిందికి వెళ్ళేది. ఏదో కింద పడిందనుకుని మొదట్లో తోటి ఉద్యోగులు కూడా వంగి వెతికేవారు.

ఈ అలవాటు కాపొయెరాలో తప్ప మరెక్కడా ఆమెకు అడ్డం రాలేదు.

కాపొయెరా బ్రెజిల్‌లో పుట్టింది. మనుషులు గుండ్రంగా నిలబడి చప్పట్లు కొడుతూ పాడతారు. ఆ వలయాన్ని హోడా అంటారు. మధ్యలో ఇద్దరు ఆడతారు. కాళ్ళు విసురుతారు, వంగి తప్పించుకుంటారు, చేతుల మీద తిరుగుతారు. చూసేవాళ్ళకు నాట్యంలా ఉంటుంది. పాయింట్లు లేవు, గెలిచినవాడి చెయ్యి ఎత్తే రిఫరీ లేడు. విసిరిన కాలు తగలాలని లేదు, తగలగలదని చూపితే చాలు. కానీ ఎదుటివాడు ఏమరుపాటుగా ఉంటే పడగొట్టడం తప్పు కాదు. పడగొట్టకపోతేనే పాఠం చెప్పనట్టు.

భవిత ఆరేళ్ళ కిందట నడుంనొప్పి వల్ల అక్కడికి వెళ్ళింది. రోజంతా మైక్రోస్కోప్ మీదికి వంగి కూర్చునే ఉద్యోగం. ఏదైనా కదిలే పని పెట్టుకోమని డాక్టర్ చెప్పింది. బార్టన్ స్ట్రీట్‌లో ఒక చర్చి బేస్‌మెంట్‌లో మంగళ, గురువారాల్లో క్లాసు జరిగేది. నేర్పేది లూసినేయా అనే ఆవిడ. సాల్వదోర్ నగరం నుంచి పెళ్ళి చేసుకుని కెనడా వచ్చి, పగలు డేకేర్‌లో పనిచేసేది. రెండో వారంలో భవిత కాలు లూసినేయా భుజానికి రాసుకుంది. భవిత వంగి ఆమె భుజాన్ని ముట్టుకుని చెయ్యి కళ్ళకద్దుకుంది. ఆ చెయ్యి కళ్ళ మీద ఉండగానే లూసినేయా ఆమె మడమ వెనక పాదం పెట్టి లాగింది. భవిత నేల మీద కూర్చుంది.

ఇదేమిటని లూసినేయా అడిగింది. భవిత వివరించింది. లూసినేయా పూర్తిగా విని, ఈ దేశంలో అందరూ నోటితో సారీ చెబుతారు, నువ్వు చేత్తో చెబుతావన్నమాట, అంది. కాపొయెరా ఆడేవాళ్ళకు ఒక మారుపేరు పెట్టడం ఆచారం. ఆట నేరంగా ఉన్న రోజుల్లో పోలీసులకు అసలు పేర్లు తెలియకుండా ఉండటానికి మొదలైందని చెబుతారు. భవితకు ఆ రోజే పేరు పడింది. దెస్కూల్పా. పోర్చుగీసులో క్షమించు అని అర్థం.

ఆట ఎప్పుడు మొదలైందో చెప్పే ఆధారాలు తక్కువ. ఆఫ్రికా నుంచి, ముఖ్యంగా అంగోలా వైపు నుంచి, బానిసలుగా తెచ్చిన మనుషుల దగ్గర మొదలైందన్నది స్థూలంగా అందరూ ఒప్పుకునే మాట. యజమానులకు తెలియకుండా పోరును నాట్యంగా చూపారన్నది అన్ని క్లాసుల్లో చెప్పే కథ. దానికి రాతపూర్వకమైన రుజువు పెద్దగా లేదు. 1888లో బానిసత్వం రద్దయింది. 1890 శిక్షాస్మృతిలో కాపొయెరా నేరమైంది. 1930లలో సాల్వదోర్‌లో బహిరంగంగా నేర్పే బడులు వచ్చాయి. 1970ల నుంచి గురువులు విమానాలెక్కి అమెరికాకు, యూరప్‌కు వెళ్ళారు. 2014లో యునెస్కో హోడాను వారసత్వ జాబితాలో చేర్చింది. ఇప్పుడు మంచు పడే ఊళ్ళలో కూడా బేస్‌మెంట్లలో ఆడుతున్నారు.

ఇంత ప్రయాణంలో ఆట వదలనిది ఒకటుంది. దాన్ని మలీసియా అంటారు. ఎదుటివాడు చూపేదాన్ని నమ్మకపోవడం, తాను చూపేదాన్ని ఎదుటివాడు నమ్మేట్టు చేయడం. ఆట అయిపోయిందని చెయ్యి కలపడానికి వచ్చినవాడు ఆ చేతితోనే లాగి కాలు విసరవచ్చు. అందుకే అనుభవం ఉన్నవాళ్ళు చెయ్యి కలిపేటప్పుడు రెండో చెయ్యి ముఖానికి అడ్డం పెట్టుకుంటారు. ఇలాంటి ఆటలో భవిత కాలు తగిలిన ప్రతిసారీ తల వంచి, కళ్ళు మూసి, కుడిచెయ్యి పైకి తీసుకువెళ్ళేది. ఆరేళ్ళలో ఆమె కాళ్ళు, నడుము, పాట అన్నీ బాగుపడ్డాయి. ఆ చెయ్యి మాత్రం మారలేదు.

ఏప్రిల్‌లో లూసినేయా భర్తకు దూరాన ఉన్న రెజైనా నగరంలో ప్రభుత్వ ఉద్యోగం వచ్చింది. వేసవి చివర వెళ్ళిపోతున్నట్టు ఆమె క్లాసులో చెప్పింది. ఆ రోజు ఆట అయ్యాక భవితను ఆపి మిగతాది చెప్పింది. వాళ్ళ బృందానికి పెద్ద గురువు, అంటే మెస్త్రి, సాల్వదోర్‌లో ఉండే దొర్గివాల్. జూన్‌లో ఆయన ఓక్‌విల్ వస్తున్నాడు. కారులో అరగంట దూరంలో ఉన్న ఆ ఊళ్ళో ఏటా తాళ్ళిచ్చే కార్యక్రమం జరుగుతుంది. ఈ ఆటలో ఎవరు ఏ స్థాయో నడుముకు కట్టే తాడు రంగు చెబుతుంది. నేర్పేవాళ్ళ తాడు భవితకు ఇవ్వాలా వద్దా అన్నది మెస్త్రి ఆమెతో స్వయంగా ఆడి నిర్ణయిస్తాడు. ఇస్తే హామిల్టన్ క్లాసు ఆమె చేతికి వస్తుంది. ఇవ్వకపోతే క్లాసు మూసి అందరినీ ఓక్‌విల్‌కు వెళ్ళమంటారు. చర్చివాళ్ళు ఆ గంటలు యోగా వాళ్ళకు ఇచ్చేస్తారు.

హామిల్టన్‌లో వచ్చేవాళ్ళలో సగం మందికి కార్లు లేవు. యూనివర్సిటీ విద్యార్థులు, ఆసుపత్రిలో షిఫ్టులు చేసే నర్సులు, ఉక్కు కర్మాగారంలో రిటైరై కళ్ళు మసకబారి డ్రైవింగ్ మానేసిన ఒకాయన. వాళ్ళు ఓక్‌విల్ వెళ్ళరని భవితకు తెలుసు, లూసినేయాకూ తెలుసు.

“ఆయన నీ కాళ్ళు చూడడు, అవి బాగానే ఉన్నాయి,” అంది లూసినేయా. “ఆ చెయ్యి చూస్తాడు. తనను తాను కాపాడుకోలేని మనిషికి పదిమందిని అప్పగించడు.”

భవిత చేతికి ఆ అలవాటు మాన్పించే పని మొదలుపెట్టింది. క్లాసులో ఒకరిని ఎదురుగా నిలబెట్టి, కావాలని కాలు తగిలించి, వంగకుండా ఉండటానికి ప్రయత్నించింది. కావాలని తగిలిస్తే వంగకుండా ఉండగలిగేది. పొరపాటున తగిలితే వంగేది. ఆమె భర్త ప్రణీత్ సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో పనిచేస్తాడు. రిఫ్లెక్స్‌ను డిలీట్ చేయలేం, రీప్లేస్ చేయాలి, అన్నాడు. వంగే బదులు చెయ్యి ముఖానికి అడ్డం పెట్టుకోమన్నాడు. ఆమె అదీ చేసి చూసింది. ముందు ముఖానికి అడ్డం పెట్టుకుని, తర్వాత వంగింది.

ఇంట్లో అలవాటు వదిలే వీలు లేదు. ప్రణీత్ తండ్రి కొమరయ్య తల్లిదండ్రులకిచ్చే సూపర్ వీసా మీద వచ్చి రెండేళ్ళుగా వాళ్ళతో ఉంటున్నాడు. సిరిసిల్లలో ఆర్టీసీ డ్రైవర్‌గా చేసి రిటైరైన మనిషి. సోఫా ముందు కాళ్ళు చాపుకుని ఫోన్‌లో వార్తలు చూస్తుంటాడు. భవిత అటూ ఇటూ తిరిగేటప్పుడు కాలు తగలని రోజు లేదు. తగిలినప్పుడల్లా ఆమె వంగేది, ఆయన ఫోన్ నుంచి తల ఎత్తకుండా “మంచిగుండు బిడ్డా” అనేవాడు. మే నెలలో ఒక ఆదివారం కాలు తగిలాక ఆమె వంగకుండా వంటగదిలోకి వెళ్ళిపోయింది. కొమరయ్య ఫోన్ పక్కన పెట్టాడు.

కొడుకును అడిగి విషయం తెలుసుకున్నాడు. మొలతాడు కోసం ఇంత కొట్లాటా, అన్నాడు. సాయంత్రం కోడలిని గరాజ్‌లోకి పిలిచాడు. ప్రణీత్ మొదటి చలికాలంలో కొని, ఒక్కసారి కూడా మంచు మీదికి తీసుకెళ్ళని హాకీ స్టిక్ గోడకు ఆనించి ఉంది. దాన్ని మధ్యలో పట్టుకుని తిప్పాడు. చిన్నప్పుడు పీరీల పండుగకు, దసరాకు ఆయన కర్రసాము ఆడేవాడు. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు గానీ ఆడగా ఎవరూ చూడలేదు. రెండు తిప్పుల తర్వాత స్టిక్ దించి భుజం పట్టుకున్నాడు.

“మా ఆటల సలాం అయ్యేదాక కట్టె లేవది,” అన్నాడు. “నడుమ దెబ్బ గట్టిగ తాకితే ఆపి మల్ల సలాం. అప్పుడు ఎదుటోడు కట్టె కిందికి దించాలె. దించకపోతే ఊర్ల వానితోని ఎవ్వడు ఆడడు.”

“ఇక్కడ దించరు మామయ్యా.”

“దండం పెట్టేటోన్ని కొడుతరా?”

“దండం పెట్టి మోసం చేసేవాళ్ళ మధ్య బతికారు కదా ఈ ఆట పుట్టించిన బానిసలు. మంచిమాట చెప్పి పిలిచి పట్టుకుపోయేవాళ్ళంట. అందుకే ఎవరి చెయ్యీ నమ్మరు.”

కొమరయ్య స్టిక్‌ను మళ్ళీ గోడకు ఆనించాడు.

“మరి నువ్వెందుకు వోతున్నవ్ అక్కడికి?”

భవిత కొంచెం ఆలోచించింది. “అక్కడ ఉన్నంతసేపు నేను ఎవరి కోడలిని, ఏ వీసా మీద వచ్చాను అని ఎవరూ అడగరు మామయ్యా. పడితే నవ్వుతారు. లేస్తే పాడతారు. అంతే.”

“ఎవరి కోడలని అడిగితె చెప్పెటానికి నేనున్న గదా,” అని నవ్వాడు కొమరయ్య. తర్వాత నవ్వు ఆపి, “క్లాసు నడుపు బిడ్డా, వద్దనను. గని ఆ చెయ్యి పోగొట్టుకోకు. అది నువ్వు నేర్చుకున్నది గాదు. నీకిచ్చిన్రు,” అన్నాడు.

ఆ తర్వాత ఇంట్లో కాలు తగిలితే భవిత మళ్ళీ వంగింది. క్లాసులో వంగకూడదని ప్రయత్నిస్తూనే ఉంది. జూన్ వచ్చేసరికి క్లాసులో పదిసార్లలో మూడు నాలుగు సార్లు ఆపుకోగలుగుతోంది. చాలదని లూసినేయా చెప్పింది.

ఓక్‌విల్‌లో కార్యక్రమం ఒక స్కూలు జిమ్‌లో జరిగింది. బాస్కెట్‌బాల్ గీతల మీద హోడా కట్టారు. టొరంటో, హామిల్టన్, ఓక్‌విల్ బృందాల వాళ్ళు తెల్ల ప్యాంట్లలో నిలబడ్డారు. కుటుంబాల వాళ్ళు మడత కుర్చీల్లో కూర్చున్నారు. కొమరయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందు వరసలో కూర్చున్నాడు, పక్కన ప్రణీత్.

హోడాకు ఒక పక్క వాద్యాలు. అన్నిటికీ పెద్ద బెరింబావ్. వంచిన కర్రకు ఒక తీగ, కింద సొరబుర్ర. సన్నటి పుల్లతో తీగ మీద కొడతారు. పెద్ద బెరింబావ్ ఎవరి చేతిలో ఉంటే హోడా వాళ్ళది. ఎప్పుడు మొదలవ్వాలో, ఎప్పుడు ఆపాలో అది చెబుతుంది. ఆ రోజు అది లూసినేయా చేతిలో ఉంది.

మెస్త్రి దొర్గివాల్‌కు డెబ్బై దాటాయి. ఎడమ మోకాలికి పట్టీ ఉంది. కొమరయ్య ఆయన పేరు ఒకసారి విని, మేస్త్రి అంటే ఇల్లు కట్టే మేస్త్రేనా, అని కొడుకును అడిగాడు. మన మేస్త్రి అనే మాట పోర్చుగీసు వాళ్ళు తెచ్చిందేనని ప్రణీత్ ఫోన్‌లో చూసి చెప్పాడు. కొమరయ్యకు అది ఆశ్చర్యంగా తోచలేదు. పని నేర్పేటోడే గదా, అన్నాడు.

పిల్లల తాళ్ళు అయ్యాయి, కొత్తవాళ్ళవి అయ్యాయి. చివర భవితను పిలిచారు. ఆమె, మెస్త్రి బెరింబావ్ ముందు ఎదురెదురుగా గొంతుక్కూర్చున్నారు. లూసినేయా పాట ఎత్తుకుంది. ఇద్దరూ చేతులు కలిపారు. మెస్త్రి రెండో చెయ్యి ముఖానికి అడ్డంగా ఉంది. భవితది కూడా. ఆట మొదలైంది.

మెస్త్రి వేగంగా ఆడలేదు. భవిత కాలు విసిరితే అది చేరే చోట ఉండేవాడు కాదు, అంతే. ఆమె కూడా నిదానించింది. అడ్డంగా, వెనక్కి, నేల మీదికి. ఒక తిరుగుడులో ఆమె మడమ ఆయన భుజానికి రాసుకుంది. దెబ్బ కాదు, చొక్కా కదిలింది అంతే. భవిత వంగింది. కుడిచెయ్యి ఆయన భుజాన్ని తాకి కళ్ళ దగ్గరికి వెళ్ళింది. కళ్ళు తెరిచేసరికి నేల మీద ఉంది. ఆయన పాదం ఆమె మడమ వెనక ఉంది.

వలయంలో వాళ్ళు నవ్వారు. టొరంటో వాళ్ళకు ఆమె పేరు తెలుసు. “దెస్కూల్పా” అని ఒకరు అరిచారు. మెస్త్రి కూడా నవ్వాడు. లూసినేయా నవ్వలేదు, వాయించడం ఆపలేదు. హామిల్టన్ వాళ్ళు చప్పట్లు కొడుతున్నారు గానీ పాడటం మానేశారు. కొమరయ్య కుర్చీలో ముందుకు జరిగి, దండం పెడుతుంటే తన్నిండు, అని కొడుకుతో అన్నాడు. ఆట అంతే నాన్నా, అన్నాడు ప్రణీత్.

భవిత లేచింది. ఆట నడిచింది. లూసినేయా ఆపే వాయింపు వాయించవచ్చు, వాయించలేదు. కొంతసేపటికి ఇద్దరూ దగ్గరగా ఆడుతున్నప్పుడు మెస్త్రి వంగి పక్కకు వెళ్ళబోయాడు. భవిత మోకాలు ఆయన ఛాతీకి తగిలింది. ఆమె తగిలించలేదు, ఆయన వచ్చిన దారిలో అది ఉంది.

చెయ్యి కదిలింది. దాన్ని ఆమె ఆపలేదు, ఆపాలన్న ఆలోచన వచ్చేలోపే కదిలింది. తల వంగింది, వేళ్ళు ఆయన మోకాలి పట్టీకి కొంచెం పైన తాకాయి. మెస్త్రి అది చూశాడు. బరువంతా కుడికాలి మీద వేసి ఎడమ పాదం ఆమె మడమ వెనక్కి పంపాడు, ఇందాకటి లాగే.

భవిత కళ్ళు మూయలేదు. చెయ్యి కళ్ళ దాకా రాలేదు. సగం దారిలో దిగి నేల మీద ఆనింది. ఆమె ఆ చేతి మీద బరువు వేసి, కింది నుంచి కాలు తిప్పి, ఆయన నిలబడ్డ కుడికాలి మడమకు ఆనించి తోసింది. గట్టిగా తోయలేదు, అవసరం లేదు. మెస్త్రి దొర్గివాల్ వెనక్కి పడ్డాడు. పడుతూ అరచెయ్యి నేలకు ఆనించి, తల తగలకుండా కూర్చున్నాడు.

చప్పట్లు ఒక్కక్షణం తప్పాయి. బెరింబావ్ తప్పలేదు. తర్వాత హామిల్టన్ వాళ్ళు పాట అందుకున్నారు. కళ్ళు మసకబారిన ఉక్కు కార్మికుడు పక్కనున్న నర్సును ఏమైందని అడిగాడు. ఆమె చెప్పాక ఆయనా అందుకున్నాడు.

మెస్త్రి లేచి, మోకాలు ఒకసారి వంచి చూసుకుని, ఆట చాలన్నట్టు చెయ్యి ఊపాడు. అప్పుడు లూసినేయా ఆపే వాయింపు వాయించింది.

తాడు ఆయనే భవిత నడుముకు కట్టాడు. ముడి వేశాక పోర్చుగీసులో కొంతసేపు మాట్లాడాడు. లూసినేయా ఇంగ్లీషులో చెప్పింది.

“నేను ఈ పేరు సరదాకి పెట్టానంట. ఆయన దాన్ని హెచ్చరికగా ఉంచుతున్నాడంట. నీతో ఆడేవాళ్ళు ముందే తెలుసుకోవాలంట.”

హామిల్టన్ క్లాసు ఎప్పటి చోటనే, ఎప్పటి రోజుల్లోనే జరుగుతుందని లూసినేయా ప్రకటించింది. హామిల్టన్ వాళ్ళు ఈలలు వేశారు.

కుర్చీలు మడుస్తున్నప్పుడు భవిత కొమరయ్య దగ్గరికి వచ్చింది. ఆయన తాడును వేళ్ళతో పట్టి చూశాడు. నూలు మంచిదే, అన్నాడు. తర్వాత అడిగాడు.

“రెండోసారి మొక్కినవ్ గదా. అది మొక్కేనా?”

“మొదలైనప్పుడు మొక్కే మామయ్యా.”

కొమరయ్య తాడు వదిలేశాడు. ప్రణీత్ కారు తేవడానికి వెళ్ళాడు.

భవిత జిమ్‌కు అవతలి పక్కకు వెళ్ళింది. అక్కడ మెస్త్రి బూట్లు వేసుకుంటున్నాడు. ఆమె ఎదురుగా నిలబడేసరికి లేచాడు. ఆమె వంగి ఆయన పాదాల వైపు కుడిచెయ్యి చాచింది. మెస్త్రి ఒక అడుగు వెనక్కి వేశాడు. ఎడమ చెయ్యి ముఖానికి అడ్డం వచ్చింది, బరువు వెనక కాలి మీదికి వెళ్ళింది. చుట్టుపక్కల వాళ్ళు గట్టిగా నవ్వారు. ఆయనా నవ్వాడు గానీ చెయ్యి దించలేదు. ఇది ఆట కాదని భవిత ఇంగ్లీషులో చెప్పింది. ఆయనకు ఇంగ్లీషు రాదు. లూసినేయా వాద్యాలు సర్దుకుంటూ దూరంగా ఉంది. భవిత ఇంకాస్త ముందుకు వంగింది. ఆయన ఇంకో అడుగు వెనక్కి వేశాడు. ఆమె నిటారుగా నిలబడి రెండు చేతులు జోడించింది. ఆయన తల ఊపి, ఒక కన్ను కొట్టి, రెండో బూటు కోసం వెతుక్కున్నాడు.

కారు గేటు దగ్గరికి వచ్చింది. కొమరయ్య వెనక సీట్లో కూర్చున్నాడు. భవిత ముందు సీటు వద్దని ఆయన పక్కన ఎక్కింది. ఎక్కేటప్పుడు ఆమె బూటు ఆయన మోకాలికి తగిలింది. చెయ్యి వెళ్ళింది.

కొమరయ్య మోకాలు పక్కకు తీసుకున్నాడు.

భవిత చెయ్యి సీటు మీద ఆగింది. ముందు ప్రణీత్ హామిల్టన్ వైపు హైవే ఖాళీగా ఉందో లేదో ఫోన్‌లో చూస్తున్నాడు. కొమరయ్య ఆ చేతి వంక చూశాడు. అది వెనక్కి వెళ్ళలేదు, ముందుకూ రాలేదు. ఆయన మోకాలు మళ్ళీ మొదటి చోటికి తెచ్చి పెట్టాడు. ఆమె ముట్టుకుని కళ్ళకద్దుకుంది.

“మంచిగుండు బిడ్డా,” అన్నాడు. ఈసారి ఆమెనే చూస్తూ అన్నాడు.